పావు కడుపు

హన్మయ్య ట్రాక్టరు రామచందర్ దుకాణం ముందు ఆగలేదు.

ట్రాలీ నిండా కందుల సంచులు. వాటి మీద తలకు తువ్వాల చుట్టుకుని హన్మయ్య కూర్చుని ఉన్నాడు. దుకాణం దాటేటప్పుడు అతను కావాలనే రోడ్డు అవతలికి చూశాడని రామచందర్‌కు అనిపించింది. అవతల చూడటానికేముంది? మూసిన షట్టరు, దాని ముందు పడుకున్న కుక్క. ట్రాక్టరు నాలుగు దుకాణాలు దాటి, తనలాగే కందులు కొనే గిరీష్ అడ్తి దుకాణం ముందు ఆగింది. హమాలీలు ట్రాలీ తలుపు దించిన చప్పుడు ఇక్కడికి వినిపించింది.

ఇరవై రెండేళ్లలో ఇది మొదటిసారి. తాండూరులో కందులు కొనే అడ్తి దుకాణాలు చాలానే ఉన్నాయి గాని, పరిగి అవతల ఉన్న హన్మయ్య ఊరి కందులు రామచందర్ దుకాణానికి తప్ప ఇంకెక్కడికీ పోయేవి కావు. ఆ ఊళ్లో హన్మయ్య మాట చెల్లుతుంది. ఈ రోజు అతని ట్రాక్టరు ఎక్కడ ఆగిందో రేపటికి ఊరంతా తెలుస్తుంది. ఎల్లుండి నుంచి మిగతా ట్రాక్టర్లూ అక్కడే ఆగుతాయి. ఇక దుకాణంలో మిగిలేది కాంటా, కుర్చీ, తను.

ఆ కుర్చీ కూడా తనది కానట్టే ఉంది. తన కొలతకు ప్రత్యేకంగా చేయించుకున్న టేకు కుర్చీ. ఇప్పుడు రెండు పక్కలా దిండ్లు పెట్టుకుంటే తప్ప అందులో కుదురుగా కూర్చోలేడు.

ఆరు నెలల కింద హైదరాబాద్‌లో డాక్టరు అతని కడుపులో మూడు వంతులు తీసేసి ఒక వంతు మిగిల్చాడు. నూట ఇరవై ఎనిమిది కిలోల మనిషి ఎనభై ఆరుకు దిగాడు. మోకాళ్ల నొప్పి పోయింది, షుగరు మాత్రలు సగమయ్యాయి. కాని ఈ సంగతి భార్య పుష్పమ్మకు తప్ప తాండూరులో ఎవరికీ తెలియదు. పిత్తాశయంలో రాళ్లు తీశారని చెప్పుకున్నారు. తిని తిని కడుపు కోయించుకున్నాడని గింజల బజారులో అనిపించుకోవడం కంటే రాళ్లు నయం. అతని తండ్రిదీ పెద్ద పొట్టే. కందుల కుప్ప ముందు ఆ పొట్ట కనిపిస్తేనే రైతులకు ధైర్యంగా ఉండేదని పాతవాళ్లు ఇప్పటికీ చెప్తారు.

అబద్ధం చెప్పిన రోజు నుంచి దానికి కాపలా కాయడం మొదలైంది. మాత్రలు, ప్రోటీన్ డబ్బాలు తాండూరులో కొంటే తెలిసిపోతుందని నెలకోసారి రైలెక్కి వికారాబాద్ పోయి తెచ్చుకునేవాడు. రెండు గంటలకోసారి దుకాణం వెనక గదిలోకి పోయి, గోడ వైపు తిరిగి, గిన్నెడు పప్పో పెరుగో తినేవాడు. పెళ్లి విందుల్లో కలిపినదే కలిపి లేచేవాడు. ఒకసారి ఎవరో నోట్లో కుక్కిన జిలేబీ ముక్కకు చెమటలు పట్టి, గుండె దడదడలాడి, పందిరి వెనక అరగంట పడుకోవలసి వచ్చింది. ఇద్దరు మాట్లాడుకుంటూ తనను చూసి ఆగితే చాలు, తన గురించే అనుకునేవాడు.

మధ్యాహ్నం ఇంటికి పోయేసరికి పుష్పమ్మ చిన్న గిన్నెలో మెదిపిన పెసరపప్పు పెట్టి, ఫోనులో ఇరవై నిమిషాలకు అలారం పెట్టింది. అంతకంటే తొందరగా తినకూడదు. మధ్యలో నీళ్లు తాగకూడదు.

"మీ చెల్లెకు చెప్పినవా?" అన్నాడు గిన్నె ముట్టకుండానే.

"ఏం చెప్పిన?"

"ఆపరేషన్ సంగతి. హన్మయ్య ఇయ్యాల గిరీష్ దగ్గరికి వొయ్యిండు. ఎవలో చెప్పకుంటే ఎందుకు పోతడు?"

పుష్పమ్మ అతని వైపు జాలిగానో కోపంగానో చూసింది. "నేను చెప్తే ఊరోళ్లు ఆపరేషన్ అనుకుంటుండిరి. వాళ్లనుకునేది అది కాదు. మన మొగులమ్మ పది రోజుల సంది గిన్నెలు తోముతున్నది గని మనింట్ల చాయ తాగుతలేదు, జూసిన్రా? నిన్న గట్టిగడిగితె చెప్పింది. మీకు టీబీ అంట."

"నాకా!"

"నెల నెలా వికారాబాద్ పోతున్నరు. అక్కడ గుట్ట మీద టీబీ దవాఖాన ఉన్నదని అందరికెరుకే. మనిషి చూస్తే సగమైన్రు. ఎవలతోటి కలిసి తినరు. ఇంకేమనుకుంటరు?"

రామచందర్ చెంచా కింద పెట్టాడు. ఎవరికీ కనబడకూడదనే వికారాబాద్ పోయాడు. ఎవడో చూశాడు. చూసినవాడు గిరీషే అయి ఉంటాడు. నాలుగు దుకాణాల అవతల కూర్చుని, నవ్వుతూ నమస్తే పెడుతూ, ఈ మాట పుట్టించి ఉంటాడు.

"వారం కింద మొదటి సంచులు తెచ్చిన్నాడు మంచిగనే ఉండె గద హన్మయ్య?" అంది పుష్పమ్మ. "రొట్టె గూడ తిన్నరు గద?"

"తిన్న," అన్నాడు. చప్పున అన్నాడు.

అది వాళ్లిద్దరి మధ్య ఉన్న ఆనవాయితీ. ఏడాదిలో మొదటి కందులు కాంటా మీదికి ఎక్కే ముందు, హన్మయ్య భార్య బీరమ్మ చేసి పంపిన జొన్నరొట్టె, పుంటికూర ఇద్దరూ సంచుల మీద కూర్చుని తినాలి. ఆ తర్వాతే తూకం. ఒకప్పుడు రామచందర్ మూడు రొట్టెలు తిని నాలుగోది అడిగేవాడు. ఈసారి రెండు బుక్కలకే ఛాతీ కింద రాయి అడ్డం పడ్డట్టయింది. హన్మయ్య చెయ్యి కడుక్కోవడానికి లేచినప్పుడు, మిగిలిన రొట్టెను గబుక్కున వెనకనున్న ఖాళీ గోనెసంచుల దొంతరలోకి తోశాడు. ఎవరూ చూడలేదు. అది మాత్రం ఖాయం.

ఫోనులో గంట మోగింది. గిన్నెలో పప్పు అలాగే ఉంది.

రామచందర్ తన అడ్తిలోకి రావడం చూసి గిరీష్ గల్లా దగ్గర నుంచి లేచి ఎదురొచ్చాడు. "రా అన్నా, కూసో. చాయ..." అని ఆగిపోయాడు. ఆ ఆగడం రామచందర్ గమనించాడు.

"చాయ ఎందుకు ఆపినవ్? కప్పు పారేయాల్సొస్తదనా?"

"నా మీద వడకు అన్నా. నేను పిలువలే. ఆయనే వచ్చిండు. ఎందుకొచ్చిండో గా పెద్దమనిషినే అడుగు."

రేకుల షెడ్డు కింద హన్మయ్య తన సంచుల మీదే కూర్చుని బీడీ తాగుతున్నాడు. రామచందర్ సేటును చూసి లేవలేదు. బీడీ మాత్రం ఆర్పాడు.

"ఏం హన్మన్నా, మా దుకాణం కనవడలేదా?"

"కనవడ్డది సేటూ. కనవడ్డందుకే ఇంకింత ముందుకు పొమ్మన్న."

"నాకు టీబీ అని ఎవడు చెప్పిండు నీకు?"

"టీబీ ఉంటే ఉండనీ. మా తమ్మునికొచ్చింది, ఆరు నెలలు గోలీలు మింగిండు, తక్కువైంది. మా ఇంట్లనే తిన్నడు. దానికి నేనెందుకు భయపడ్త?" హన్మయ్య చేతిసంచిలో నుంచి పేపరు పొట్లం తీసి విప్పాడు. "గిది జర గుర్తువట్టు."

అట్టలాగా ఎండిపోయిన రొట్టె. ఒక పక్క రెండు బుక్కలు తుంచిన గుర్తు. అంచుకు పచ్చటి బూజు, దానికి అంటుకుని గోనె పీచు.

రామచందర్‌కు అంతా గుర్తొచ్చింది. ఆ సాయంత్రం హన్మయ్య మిగతా కందుల కోసం ఖాళీ సంచులు అడిగితే, ఎప్పటిలాగే తనే హమాలీకి చెయ్యి చూపించి ఇప్పించాడు. ఆ దొంతర పైనున్న సంచులే.

"బీరమ్మ సంచి దులిపితె వడ్డది. నీ సంచి. ఎర్ర రంగుతోటి నీ పేరే ఉన్నది," అన్నాడు హన్మయ్య. "రొట్టె మస్తుగున్నది, బీరమ్మకు చెప్పు అంటివి. నేను వొయ్యి చెప్పిన. మూడో దినం రొట్టె వచ్చి ఆమె కాళ్ల మీద వడ్డది. నన్ను ఎన్ని మాటలన్నదో నీకేమెరుక? ఇరవై ఏండ్ల సంది గిట్లనే సంచులల్ల ఏస్తున్నడేమో అంటది. నువ్వు లావుంటివి గద, ఇన్నేండ్లు తిన్నవనే అనుకున్న."

"అప్పుడు తిన్న హన్మన్నా. ఒట్టు."

"ఇప్పుడెందుకు తినలే?"

హమాలీలు సంచులెత్తడం మానేసి నిలబడ్డారు. గిరీష్ కాంటా రాళ్లు సర్దుతున్నట్టు నటిస్తున్నాడు. ఇక్కడ నోరు విప్పితే సాయంత్రానికి బజారంతా తెలుస్తుంది. విప్పకపోతే ఈ రొట్టె ఊరంతా తిరుగుతుంది. రామచందర్ చొక్కా పైకెత్తాడు. వదులై వేలాడుతున్న పొట్ట మీద ఐదు చిన్న మచ్చలు.

"రాళ్లు కాదు. కడుపు కోయించుకున్న. మూడొంతులు తీసేసిన్రు. పావే ఉన్నది. దాంట్ల రెండు బుక్కలే వడ్తయి."

హన్మయ్య వంగి ఆ మచ్చలను గొర్రె కాలికి గాలికుంటు పుండ్లు చూసినట్టు చూశాడు. "గీ తూట్లల్లకెల్లి అంత కడుపు ఎట్లొస్తది?"

"కోసి, ముడిచి గుంజుతరు."

"మంచిగున్న కడుపు ఎవలన్న కోయించుకుంటరా సేటూ? తినుడు తక్కువ జేస్తే అయిపోవు గద?"

హమాలీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆరు నెలలుగా అతను దేనికి భయపడ్డాడో ఆ మాటే అది. విన్నాక, చొక్కా దించుకుని, "తక్కువ చేసేది చాతగాలేదు," అన్నాడు.

హన్మయ్య తన సద్ది మూట విప్పి, రొట్టె తుంచి, అరచేతిలో పెట్టి చాచాడు. "తిను. నేను జూస్త."

రామచందర్ సంచి మీద కూర్చుని, ఇంతకు ముందెప్పుడూ నలుగురిలో తిననట్టు తిన్నాడు. గోరంత ముక్క. నమిలి, నమిలి, ఆగి, మింగి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, అది దిగిందని తెలిశాక ఇంకొకటి. హన్మయ్య అతని గొంతు మీద నుంచి చూపు తిప్పలేదు. మూడో ముక్కకు నుదుట చెమట పట్టింది.

"సాలు, సాలు," అన్నాడు హన్మయ్య. మిగిలిన రొట్టె అతని చేతిలో నుంచి తీసుకుని తనే తినేశాడు. "గీ ముచ్చట గానాడే చెప్తే ఏమయితుండె?"

"నవ్వుతరనుకున్న."

"నవ్వుతుంటిమి. నవ్వితె ఏమాయె?"

"ఈ సంచులు గిరీష్ దగ్గర కానియ్యి," అన్నాడు రామచందర్. " ఇంటి దగ్గర ఇంకేమన్న ఉన్నయా?"

"ఇరవై సంచులైతయి. ఇంకా నింపలే."

అవి తనకు తెమ్మని రామచందర్ అడగలేదు. హన్మయ్య మూట కట్టుకుంటూ ఆలోచించాడు. "పావు కడుపన్నవ్ గద. పావే తెస్త. ఐదు. అరిగినంక మల్ల జూద్దం."

మిగతా పదిహేను ఎక్కడికో గిరీష్ అడగలేదు, కాని చెవి ఇటే పెట్టాడు.

సాయంత్రం హన్మయ్య రామచందర్ దుకాణానికి వచ్చి, చాయ తాగి, ఐదు ఖాళీ సంచులు అడిగాడు. హమాలీ పైనుంచి తీయబోతే వద్దని, తనే దొంతర అడుగు నుంచి ఏరుకున్నాడు. మెట్ల మీద నిలబడి ఒక్కో సంచిని లోపలి పక్క బయటికి తిప్పి, రెండుసార్లు గట్టిగా దులిపాడు. దుమ్ము తప్ప ఏమీ పడలేదు. అయినా ఐదోదాన్ని ఇంకోసారి దులిపాడు.