మనిషి దొరకని మాట

నా చిన్నప్పుడు, తొంభైల మొదట్లో, చిక్కడపల్లిలోని మా మేడ మీది గదిలో పాలమూరు నుంచి వచ్చిన ఒక అక్క కిరాయికి ఉండేది. పొద్దున అశోక్‌నగర్‌లో సర్కారు ఉద్యోగాల పరీక్షకు కోచింగ్. సాయంత్రం నాకు ఇంగ్లిష్ చెప్పేది.

ఇంగ్లిష్ నుడికారాలను నేను గైడు చూసి బట్టీ పట్టేదాన్ని. పరీక్షలో ఒకదాని అర్థం ఇంకొకదానికి రాసి వచ్చేదాన్ని. అక్క ఆ గైడు మూసేసింది. రోజుకొక మాట చెప్పి, నన్ను నారాయణగూడ దాకా నడిపించేది. దారిలో ఆ మాటకు సరిపోయే మనిషిని నేను వెతకాలి. చేతులకు ఏ పనీ చక్కగా రానివాళ్లను ‘ఆల్ థంబ్స్’ అంటారని చెప్పిన రోజు, పూలమ్మే భార్య బదులు గంప దగ్గర కూర్చుని, మూర కొలవబోయి దండంతా చిక్కు చేసుకున్న ఒకాయన దొరికాడు. నలుగురి ఉత్సాహం మీద నీళ్లు చల్లే మనిషి ‘వెట్ బ్లాంకెట్’ అన్నప్పుడు వెతకాల్సిన పనే లేకపోయింది.

“మా బాబాయి! ఎగ్జిబిషన్‌కు పోదామంటే చాలు, రష్ ఉంటది, దుమ్ము ఉంటది అంటడు.”

అక్క పడీ పడీ నవ్వింది. తర్వాత, “లోపలనే ఉంచుకో. మనిషిని చూసి అర్థం తెలుసుకోవాలె గానీ, మొహం మీద అనొద్దు,” అంది.

లోపల ఎంత బాధ ఉన్నా పైకి నిబ్బరంగా కనిపించడాన్ని ‘బ్రేవ్ ఫేస్’ అంటారని కూడా చెప్పింది. దానికి మాత్రం ఎంత తిరిగినా మనిషి దొరకలేదు. “దొరుకుతరు తియ్. తొందరేముంది,” అంది.

ఆ ఏడాది ఉద్యోగం రాకపోతే గది ఖాళీ చేసి ఊరికి వచ్చేయాలని వాళ్ల నాన్న ముందే చెప్పాడు. వయసు ప్రకారం కూడా ఆమెకు అదే చివరి అవకాశం. ఫలితాలు పేపర్లో వచ్చాయి. నేనూ అమ్మా ఎంత వెతికినా అక్క నంబరు కనిపించలేదు.

సాయంత్రం ఎప్పటి వేళకే అక్క కిందికి దిగింది. శుభ్రంగా జడ వేసుకుంది. అమ్మ కళ్లొత్తుకోబోతే, “నాకేమైంది చిన్నమ్మా, మంచిగనే ఉన్న. జర చాయ్ పెట్టు,” అని నవ్వింది. ఆ చాయ్ అట్లాగే చల్లారిపోయింది. అక్క నన్ను నడకకు రమ్మంది.

నారాయణగూడ చౌరస్తా దాకా నడిచాం. అక్కడ, ఏదో ఒకటి అడగాలన్నట్టు, “ఇయ్యాల ఎవరన్న దొరికిండ్రా?” అంది.

దొరికింది. నా చెయ్యి పట్టుకునే ఉంది.

“ఎవ్వరు దొరకలే అక్కా,” అన్నాను.

ఆమె ఆగి నా వైపు తిరిగింది. “మంచిగ నేర్చుకున్నవ్,” అంది. అప్పుడు గానీ ఆమె కళ్లు నిండలేదు. నేను వచ్చేపోయే బస్సుల వైపు చూస్తూ నిలబడ్డాను.

ఆ తర్వాత ఆమె తన ఊరి దగ్గరే ఒక చిన్న బడిలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పింది. మొన్న చనిపోయిందని తెలిసి వెళ్లాను. వచ్చినవాళ్లందరికీ ఆమె కూతురు చాయ్ అందిస్తూ, ప్రయాణం ఎట్లా జరిగిందని నవ్వుతూ అడుగుతోంది. ఆ పిల్ల చేతిలోని ట్రే తీసుకుని, మిగిలినవాళ్లకు నేనే ఇచ్చాను.