పోలయ్య భుజం మీది వాల్వు

బిలాస్‌పూర్ లాల్‌ఖదాన్‌లో ఉండే పోలయ్య రోజూ తెల్లవారుతూనే స్నానం చేసి, సింహాద్రి అప్పన్న పటం ముందు దీపం పెట్టి, పక్కనే చాప మీద నీళ్లలో దిగే రబ్బరు సూటు పరుచుకుని దాని మెడకూ మణికట్లకూ పౌడరు రాసేవాడు. పౌడరు లేకపోతే ఆ పలచని రబ్బరు చిరుగుతుంది, నీళ్లు లోపలికొస్తాయి. డబ్బా అయిపోతే భార్య అసిరమ్మ తన డబ్బా తెచ్చి అక్కడ పెట్టేది. రైల్వే క్వార్టర్ల వాళ్లు "పౌడరు పెళ్లికొడుకు" అని ఏడిపించినా ఆయన మానలేదు.

భీమిలి జాలరి బిడ్డ. రైలు వంతెనల స్తంభాలు నీటి అడుగున ఎలా ఉన్నాయో తడిమి చెప్పడం ఆయన డ్యూటీ.

తొంభై ఒకటి జనవరిలో ఒక వంతెన కింద నలభై అడుగుల చలినీళ్లలో దిగాడు. దిగేకొద్దీ నీళ్లు సూటును ఒంటికి నొక్కేస్తాయి. ఛాతీ మీది బొత్తంతో కాస్త గాలి నింపుకోవాలి. పైకొచ్చేటప్పుడు అదే గాలి పొంగుతుంది. భుజం మీది వాల్వు దాన్ని బయటికి వదలాలి. వదలకపోతే మనిషి బుడగలా పైకి తన్నుకొచ్చి ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు.

ఆరోజు వాల్వు కదల్లేదు. సూటు ఉబ్బుతోంది, కాళ్లు పైకి లేస్తున్నాయి. "అప్పన్నా, నీదే భారం" అనుకుని ఎడమచెయ్యి తలపైకెత్తి, మణికట్టు రబ్బరు కింద వేలు దూర్చాడు. గాలి బుడబుడమని పోయింది. మంచులాంటి నీళ్లు చంక దాకా వచ్చాయి. ఊపిరి వదులుతూ, ఆగి ఆగి పైకొచ్చాడు.

ఒడ్డున ఇన్‌స్పెక్టర్ తిరుమలరావు వాల్వు చూసి మండిపడ్డాడు. "ఎవడు బిగించాడిది? పేరు రాసివ్వు. లేదంటే నీకు వయసు మీరి తడబడ్డావని రాస్తాను. ఇక నీళ్లలో దిగే పని ఉండదు."

వాల్వు మీద పానా గీతలు. పక్కన, సూటు పనికి సాయం వచ్చే రైలు బ్రేకు ఫిట్టరు జగన్నాథం ముఖంలో నెత్తురు లేదు. పొద్దున అతను సూటులో గాలి పట్టి చూస్తుంటే భుజం దగ్గర బుస్సుమంది, గాలి కారిపోతోందనుకున్నాడు. బ్రేకు గొట్టాల్లో గాలి కారకుండా ఇరవై ఏళ్లుగా బిగిస్తున్న చెయ్యి. పోలయ్యకు మేలు చేద్దామని దీన్నీ బిగించేసింది. పోలయ్యకు సంగతి తెలిసిపోయింది. నీళ్లలోంచి రాగానే వేడి టీ అందించేదీ ఆ చెయ్యే.

"పేరు రాయను సాబ్."

"అచ్ఛా! అయితే ఇంటికి పో."

"పోను. వాల్వు సూసుకోకుండా దిగినాను, తప్పు నాది. వయసు మీద మాత్రం తొయ్యకండి. స్తంభం కింద ఇసక ఎంత కోసుకుపోనాదో సగమే సూసినాను. మిగతా సగం రేపు నానే సూస్తాను. ఆపాలంటే కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఆపండి."

తిరుమలరావు కలం తీశాడు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "రేపొక్కరోజే" అని విసవిసా వెళ్లిపోయాడు.

"నా పేరు సెప్పీవలసింది బావా" అన్నాడు జగన్నాథం, టీ గ్లాసు ఇస్తూ.

"సెప్తే నాకేటొస్తాది? టీ ఇచ్చేవోడు పోతాడు." పోలయ్య ఒక గుక్క తాగాడు. "నాకో సాయం సెయ్యి. రేపు నా నడుముకు కట్టే తాడు నువ్వే పట్టుకో. దిగేముందు నా భుజం కాడ సెవి పెట్టి విను. బుస్సుమంటేనే నన్ను నీళ్లలోకి వొదులు."