ఊరుకున్నవాడు ఒప్పుకున్నట్టే

మా ఇంట్లో నాన్న ఏటీ అనకపోతే వద్దని అర్థం. మౌనం అర్ధాంగీకారమని లోకమంతా అనుకోవచ్చు గాని, టాటానగర్‌లో ముప్పయ్యేళ్ళు రైలు గార్డు పని చేసిన మనిషి దగ్గర ఆ మాట చెల్లదు. డిగ్రీ అయ్యాక బెంగళూరులో ఉద్యోగం వచ్చిందని కాగితం చూపించాను. చదివాడు, మడిచాడు, నా చేతికిచ్చి డ్యూటీకి వెళ్ళిపోయాడు. గార్డు పచ్చజెండా ఊపందే బండి కదలదు, నేనూ కదలలేదు. ఆ ఊళ్ళోనే సాక్చీలో ఓ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయాను.

రెండువేల సంవత్సరం దాటాక, నాన్న రిటైరై మేం అదే ఊళ్ళో గోల్‌మురి పేటలో అద్దెకున్నప్పటి సంగతిది. చెయ్యి వణుకుతోందని పలాసలో ఉన్న మా పెద్దత్తకి ఉత్తరాలు మానేశాడు. ఆవిడకి తెలుగు తప్ప మరోటి చదవడం రాదు. పోనీ టైపు చేస్తాడులే అని కంప్యూటర్లో తెలుగు పెట్టాను. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, విప్పి బాగు చేసుకోవచ్చు, అలాంటి సాఫ్ట్‌వేరు. తీరా చూస్తే, వణికే వేలితో ఒక్క గుడి తప్పు పడి చెరిపే మీట నొక్కితే అక్షరం మొత్తం పోయేది. నాలుగు రోజులకే నాన్న, "ఇదేటే, ఒక బోగీ విప్పమంటే బండంతా ఎత్తుకుపోతంది" అని కుర్చీలోంచి లేచిపోయాడు.

చివరి గుర్తు ఒక్కటే చెరిగేలా కోడ్ రాశాను. ఆ సాఫ్ట్‌వేరు తయారుచేసేవాళ్ళంతా ఈమెయిళ్ళతో మాట్లాడుకునే లిస్టు ఒకటుంటే దానికి పంపాను. ఇది తెలుగుతో పోయేది కాదు, భారతీయ లిపులన్నిటికీ తగులుతుంది, పెద్ద మార్పు, ముందు ప్రతిపాదన రాయి అన్నారు. రాశాను. ఎవరు ఒప్పుకోవాలి అని అడిగితే "అందరూ" అన్నారు. అందరూ అంటే ఎవరండీ? మా ఊళ్ళో ఏ కార్ఖానాలోనైనా బోల్టు మార్చాలన్నా ఫైలు మీద నాలుగు సంతకాలు పడాలి. ఇక్కడ సంతకం పెట్టే పెద్దమనిషే లేడు. జర్మనీలో ఒకాయన "ప్లస్ వన్" అని రాసి ఊరుకున్నాడు. అది మార్కా, ఆశీర్వాదమా, నాకు బోధపడలేదు.

ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. కాలేజీ నుంచి రాగానే కంప్యూటరుకి ఫోను తీగ తగిలించి మెయిలు చూడ్డం, ఏమీ లేకపోవడం. నచ్చలేదు కాబోలు, మొహమాటానికి చెప్పట్లేదు కాబోలు. తమ్ముడైతే అలవాటుకొద్దీ హిందీలో "ఛోడో దీదీ" అన్నాడు, వదిలెయ్యమని. మూడో రోజు ఒళ్ళు మండి, ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నాను, మీ టైము పాడుచేసినందుకు క్షమించండి అని రాసి పడేశాను.

అప్పుడొచ్చాయి చూడండి జవాబులు, పొలోమని. ఎందుకు తీసేశావు, ఇంకో పూట ఆగితే సాఫ్ట్‌వేరులో చేరిపోయేది కదా అని అందరూ నన్నే అడగడం. జర్మనీ ఆయన ఓపిగ్గా వివరించాడు. ప్లస్ వన్ అంటే తనకి సమ్మతమనట. డెబ్బై రెండు గంటల్లో ఎవరూ కాదనకపోతే అందరికీ సమ్మతమేనట. ఇష్టం లేనివాడు నోరు విప్పాలి, ఎందుకు వద్దో కారణం చెప్పాలి. ఊరుకున్నవాడు ఒప్పుకున్నట్టే. నా బుర్ర తిరిగిపోయింది. ఈ ముక్క ముందే చెప్పి ఏడవచ్చు కదా?

మళ్ళీ పంపి, ఈసారి నోరు మూసుక్కూర్చున్నాను. చేరిపోయింది.

నాన్న మళ్ళీ అత్తకి ఉత్తరం టైపు చేస్తుంటే పక్కన కూచుని ఈ గోలంతా చెప్పాను. నవ్వుతాడనుకుంటే నవ్వలేదు. నాకేదో పురుగు తొలిచి అడిగేశాను.

"బెంగళూరు కాగితం చూపించినప్పుడు నువ్వేటీ అనలేదు. వద్దనే కదా?"

నాన్న వేలు మీట మీదే ఆగిపోయింది. "వద్దని ఎందుకంటాను? డ్యూటీ నుంచొచ్చి అటక మీద ట్రంకుపెట్టె దింపి, తుడిచి, నీ మంచం పక్కన పెట్టాను గదే."

ఆ పెట్టె నాకు గుర్తుంది. అమ్మ దుప్పట్లు దాచుకోడానికి దింపిందనుకున్నాను.

"మరి ఒక్క మాట చెప్పలేదేం?"

"నువ్వూ ఏటీ అనలేదు. వెళ్ళడం ఇష్టం లేదేమో అనుకున్నాను. నాల్రోజులు చూసి మీ అమ్మ అందులో దుప్పట్లు సర్దేసింది."

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఇప్పటికీ నాకు తెలీదు. దుప్పట్లు మాత్రం ఇంకా ఆ పెట్టెలోనే ఉన్నాయి.