అత్తయ్య పెట్టని పథ్యం

నా ఒంట్లోంచి నలభై కిలోల పైనే పోయింది. చాలాకాలానికి ఎదురుపడినవాళ్లు నోరెళ్లబెడతారు. ఎంత తగ్గావే, అసలు నువ్వేనా అంటారు. నవ్వి ఊరుకుంటాను. డాక్టర్లు తగ్గించలేని బరువు ఒకటి ఏడేళ్లుగా నాలోనే ఉంది. అది ఒక్క అక్షరం. ఆ అక్షరం పలకడానికి నాకు పట్టిన సమయం రెప్పపాటు. దాంతో ఒక మనిషి బతుకు ఏమైపోయిందో ఏడేళ్లుగా కళ్లారా చూస్తున్నాను. ఎవరికీ చెప్పుకోలేదు. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీరు అడగరు. అందుకే మీతో చెబుతున్నాను.

మాది గురజాల. నేను ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. మా ఆయన దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పని చేస్తారు. మా అత్తయ్య మాతోనే ఉంటుంది. ఊరందరి కొలతలూ తీసే నేను నా జాకెట్టు కొలత మాత్రం ఎవరి కంటా పడనిచ్చేదాన్ని కాదు. బీపీ వచ్చింది, షుగర్ వచ్చింది, మోకాళ్లు మెట్లెక్కనివ్వలేదు. పెళ్లిళ్లలో నా విస్తరి వైపు చూసి చుట్టాలు ముసిముసిగా నవ్వుకునేవాళ్లు. తిండిపోతు అన్న మాట నా వెనక ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మా ఆయన మాత్రం ఎప్పుడూ ఆ మాట అనలేదు. అది జబ్బు, ఆమె తప్పు కాదు అని అందరితో పోట్లాడారు. గుంటూరు తీసుకెళ్లి పెద్ద డాక్టరుకు చూపించారు. పొట్ట సంచిని చాలావరకు కోసి తీసేసే ఆపరేషన్‌కి ఆయనే ధైర్యం చెప్పి ఒప్పించారు.

ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు, తర్వాత చాలా రోజులు, పల్చటి ద్రవాలే తాగాలన్నారు. మజ్జిగ తేట, కొబ్బరినీళ్లు, పప్పు మీద తేరిన కట్టు. ఈ మాట వినగానే ఇంట్లో ఇద్దరం రెండు రకాలుగా తిండి పోగేయడం మొదలుపెట్టాం.

ఒకరు అత్తయ్య. మా వైపు ఆపరేషన్ అంటే పథ్యం. కాన్పయినా, కడుపు కోసినా, ముందుగానే పాత బియ్యం, కరివేపాకు కారం, వెల్లుల్లి కారం, ఏళ్ల నాటి నిమ్మకాయ ఊరగాయ సిద్ధం చేసుకోవాలి. మా వీధిలో ఎవరి కూతురు పురిటికి వచ్చినా అత్తయ్యకే కబురు. ఆమె చేత్తో కలిపిన కారం ముద్ద తింటే బాలింత లేచి తిరుగుతుందని పేరు. అదీ ఆమె గొప్ప. నా కోసం కూడా జాడీలు నింపింది. డాక్టరు పప్పు కట్టు తాగమన్నాడని తెలిసి హడలిపోయింది.

"ఏందిరా నీ డాక్టరు? పచ్చి కుట్ల మీద పప్పు తాగమంటాడా? చీము పడుద్దిరా!"

"అమ్మా, ఇది కాన్పు కాదు. పొట్టనే కోస్తన్నారు. నువ్వు ఒక్క మెతుకు పెట్టినా మనిషి దక్కదు. చెప్తన్నా" అన్నారు మా ఆయన.

అత్తయ్య జాడీలకు గుడ్డ వాసెన కట్టి అటక మీద పెట్టించింది.

రెండో మనిషిని నేను. నా పోగు ఎవరికీ తెలియదు. చలికాలం కాబట్టి వెనక గదిలో కూలర్ మూలన పడి ఉంది, దాని మీద పాత చీర కప్పి ఉంది. నీళ్లు పోసే తొట్టి ఎండిపోయి ఉంది. అందులో నా సరుకు. జంతికలు, కారప్పూస, సున్నుండలు, వేరుశనగ అచ్చులు. జాకెట్టు గుడ్డలు కొనే వంకతో నరసరావుపేట వెళ్లి, ఒక్కదాన్నే హోటల్లో కూర్చుని బిర్యానీ తిన్నాను. ఇదే ఆఖరు అనుకున్నాను. మర్నాడు ఇంకోటి తిని, ఇదే ఆఖరు అనుకున్నాను. ఎన్ని ఆఖరులో! సరే, ముందు తిన్నది అర్థమవుతుంది. మరి తర్వాతకి ఎందుకు దాచాను? ఆపరేషనయ్యాక తినకూడదని తెలిసీ ఎందుకు? నాకు నేను చెప్పుకున్న సమాధానం ఏమిటంటే, తిననులే, అది అక్కడ ఉందని తెలిస్తే చాలు, ధైర్యంగా ఉంటుంది. నవ్వొస్తోందా? నాకూ వస్తుంది, ఏడుపు అయ్యాక.

ఆపరేషన్ బాగా జరిగింది. ఇంటికొచ్చాను. అత్తయ్య నన్ను పసిపిల్లలా చూసుకుంది. గుక్కెడు గుక్కెడే తాగాలన్నారని మా ఆయన చిన్నప్పటి ఉగ్గుగిన్నె వెతికి తీసి, దాంతో మజ్జిగ తేట పట్టేది. చీము పడుతుందని భయపడుతూనే, డాక్టరు చెప్పాడు గదాని పప్పు కట్టు కూడా వడగట్టి ఇచ్చేది. ఇస్తూ దేవుడికి దణ్ణం పెట్టుకునేది. తను డెబ్బై ఏళ్లు నమ్మినదాన్ని నా కోసం పక్కన పెట్టింది. ఒక్క మెతుకు పెట్టలేదు. ఇది మీరు గుర్తుంచుకోవాలి.

ఇంటికొచ్చిన వారానికి ఒక మధ్యాహ్నం, మా ఆయన డ్యూటీలో ఉన్నారు. అత్తయ్య డాబా మీద మిరపకాయలకు తొడాలు తీస్తోంది. నేను లేచి వెనక గదిలోకి నడిచాను. చీర తొలగించాను. ఆకలేసిందా? లేదు. అదే ఘోరం. ఆ ఆపరేషనయ్యాక కొన్నాళ్లు ఆకలన్నదే ఉండదు. పొట్ట అడగలేదు, నాలుక కూడా పెద్దగా అడగలేదు. మరి ఎవరు తిన్నారు నాలోంచి? ఇప్పటికీ తెలియదు. ఒక సున్నుండ తిన్నాను. ఏమీ కాలేదు. ఇంకోటి తిన్నాను. తర్వాత జంతికలు, గబగబా, సరిగా నమలకుండా, మెట్ల మీద అడుగుల చప్పుడు వింటూ. చీర మళ్లీ సర్ది కప్పాను. ఆ సర్దడం మాత్రం ఎంత జాగ్రత్తగా చేశానో!

సాయంత్రానికి కడుపులో కత్తితో తిప్పినట్టు నొప్పి. జ్వరం. మళ్లీ గుంటూరు. గట్టి పదార్థం ఏదో లోపలికి వెళ్లింది, కుట్టు దగ్గర లీకయింది, వెంటనే తెరవాలి అన్నాడు డాక్టరు. నన్ను లోపలికి తోసుకెళ్తుంటే మా ఆయన స్ట్రెచర్ పట్టుకుని పక్కనే పరుగెత్తారు. ఆయన మొహం పాలిపోయి ఉంది.

"ఏం తిన్నావే? అమ్మ పథ్యం పెట్టిందా?"

అడగడంలోనే ఆయన సమాధానం నా చేతిలో పెట్టేశారు. నేను వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.

"ఊ" అన్నాను.

అదీ నేను చెప్పిన అక్షరం.

ఎందుకన్నాను? నొప్పి వల్ల అని చాలాకాలం చెప్పుకున్నాను. అబద్ధం. నొప్పిలో కూడా నా బుర్ర శుభ్రంగా పని చేసింది. నిజం చెబితే చుట్టాలంతా అన్న మాట నిజమైపోతుంది. నన్ను నమ్మి అందరితో పోట్లాడిన ఒక్క మనిషి కళ్లలో నేను తిండిపోతునైపోతాను. చావుకన్నా అదే ఎక్కువ భయం వేసింది. సిగ్గుకి ఇంత బలం ఉంటుందా? ఉంటుంది. నేను చూశాను.

బతికాను. స్పృహ వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆస్పత్రి వరండాలో పదిమంది ముందు మా ఆయన కన్నతల్లిని పట్టుకుని, నా పెళ్లాన్ని చంపబోయావు గదే అని తిట్టారట. నేను పెట్టలేదురా అని ఆమె రెండుసార్లు అన్నదట. మంచం పక్కకి వచ్చి నిలబడి నా మొహంలోకి చూసింది. కోడలు నోరు విప్పి చెబుతుందని చూసింది. నేను కళ్లు మూసుకున్నాను. నీరసం అనుకున్నారు అందరూ.

ఇంటికెళ్లి మా ఆయన అటక మీది జాడీలు దింపి వీధి కాలవలో పారబోశారు. వాసెన గుడ్డలు విప్పనైనా విప్పలేదని చూడలేదు. కోపంలో ఎవరు చూస్తారు? అత్తయ్యను బెల్లంకొండలో మా ఆడపడుచు ఇంట్లో ఆరు నెలలు ఉంచారు. తిరిగి తీసుకొచ్చాక, అమ్మా నువ్వు వంటింట్లో అడుగు పెట్టొద్దు అన్నారు. ఆమె పెట్టలేదు. మంచినీళ్లు కావాలన్నా గడప ఇవతల నిలబడి నన్ను అడిగేది. వీధిలో ఎవరూ పురిటి పథ్యానికి ఆమెకు కబురు పెట్టడం మానేశారు. ఎదురింటి పిల్ల పురిటికి వస్తే అత్తయ్య అలవాటుగా కారం దంచి పంపింది. గిన్నె ముట్టుకోకుండానే వెనక్కి వచ్చింది. ఆ తర్వాత ఆమె రోలు దగ్గరికి పోలేదు. ఇవన్నీ చూస్తూ నేను తగ్గుతూ వచ్చాను. నాజూకైన జాకెట్లు కుట్టుకుని తొడుక్కున్నాను.

కూలర్‌లో మిగిలినదాన్ని ఎవరూ చూడకుండా నేనే పారేశాను. అది కూడా చెప్పేయాలి.

ఇన్నాళ్లూ లోపల ఒక లెక్క ఉండేది. నిజం ఇద్దరికి తెలుసు, నాకూ, అత్తయ్యకూ. ఆమె నన్ను లోలోపల తిట్టుకుంటూ ఉంటుంది, ఉండనీ అనుకున్నాను. ఆమె తిట్టు నాకు ఒకరకంగా ఆసరా. ఎవరో ఒకరు నన్ను నన్నుగా ఎరుగుదురు కదా.

పోయిన నెల ఒక ఉదయం నేను మిషను మీద ఉన్నాను. ఈమధ్య అత్తయ్యకు మతిమరుపు ఎక్కువైంది. నిన్నటిది ఉండదు, ఏనాటిదో పైకొస్తుంది. వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్, ఒక మాట చెప్పాల. నా వల్ల నువ్వు చచ్చి బతికావు. పెట్టలా, పెట్టలా అని ఇన్నాళ్లూ బుకాయించా. నేనే పెట్టుంటానే. నాకు గుర్తు లేదుగానీ, వాడు ఊరకనే అంటాడా? నన్ను క్షమించు తల్లీ."

నా పాదం మిషను మీద బిగుసుకుపోయింది. ఆమె కళ్లలో నీళ్లు. నిజంగా నమ్మేసింది. నా ఒక్క ఊ ఏడేళ్లు అందరి నోళ్లలో నాని, చివరికి ఆమె జ్ఞాపకంగా మారి కూర్చుంది.

అప్పుడు నేనేమన్నానో తెలుసా? ఇదే నేను చెప్పలేకపోతున్నది. ఆ అబద్ధం కన్నా ఇదే పెద్దది.

"పోనీలే అత్తయ్యా. నేనేమీ మనసులో పెట్టుకోలేదు."

క్షమించాను! ఆమెను, నేను, క్షమించాను! ఆ మాట ఎంత మెత్తగా వచ్చిందో నోట్లోంచి. ఆమె నా చేతులు కళ్లకద్దుకుంది. వెళ్లి పడుకుంది, హాయిగా నిద్రపోయింది. నేను ఆ రోజంతా ఒక్క కుట్టు వేయలేకపోయాను. నేను ఇలాంటిదాన్నా? ఇంత దాకా పోగలనా?

మర్నాడు ఉండబట్టలేక ఆమె కాళ్ల దగ్గర కూర్చుని అంతా చెప్పాను. కూలర్, సున్నుండలు, స్ట్రెచర్, అన్నీ. దాచుకోకుండా. ఆమె శ్రద్ధగా విన్నది. తర్వాత బోసినోటితో నవ్వి నా తల నిమిరింది.

"పిచ్చిదానా! నా మనసు కుదుటపడాలని ఎంత కథ అల్లావే! కూలర్లో ఎవరన్నా తిండి పెట్టుకుంటారటే?"

ఒట్టేశాను. ఏడ్చాను. ఏడ్చేకొద్దీ ఆమెకు నేను ఇంకా మంచిదాన్నయ్యాను. సాయంత్రం మా ఆయన రాగానే, నా కోడలు దేవతరా, నా తప్పు తన మీద వేసుకుంటంది అని చెప్పింది. ఆయన నా వైపు చూశారు. పెళ్లయిన కొత్తలో కూడా అంత ప్రేమగా చూడలేదు. ఎందుకులేమ్మా పాత సంగతులు అన్నారు. నేను నోరు తెరిచాను. అత్తయ్య మాట నిజం కాదు అనాలి. అన్నం వడ్డించనా అన్నాను.

ఆయనకు ఇంకా చెప్పలేదు. చెబుతానని మీకు మాటివ్వను, నా మాట ఎలాంటిదో మీరు చూశారు. వినవలసిన మనిషి విని కూడా నమ్మలేదు, ఇక నమ్మేంత మతి ఆమెకు రాదు. అయినా ఇది రాస్తుంటే, ఏడేళ్ల తర్వాత గుండె నిండా గాలి పీల్చినట్టుంది. అంతకు మించి నాకేమీ వద్దు. జాలి వద్దు. నేను మంచిదాన్నని మాత్రం అనొద్దు, ఆ మాట ఇంట్లో రోజూ వింటున్నాను.

అత్తయ్య నాకు ఏమీ పెట్టలేదు. నేనే తిన్నాను. మీరైనా నమ్మండి.