కొబ్బరిపీచు పలకలకు పరీక్ష

ఎనభైల తొలినాళ్లలో నేను నరసరావుపేటలో సైన్సు ఉపాధ్యాయుణ్ణి. మా తమ్ముడు వెంకట్రావు కొత్త స్టీరియో కొన్నాడు. పాట స్పష్టంగా వినిపిస్తుందని రేడియో మెకానిక్ మస్తాన్ చెబితే, గది గోడలకు కొబ్బరిపీచు పలకలు కూడా తగిలించాడు. అది మోసమనిపించి నాకు ఒళ్లు మండింది. ఒక ఆదివారం మస్తాన్‌నూ ఇరుగుపొరుగులనూ పిలిపించి, తమ్ముడి కళ్లకు తువ్వాలు కట్టి, పలకలు ఉంచుతూ, తీస్తూ ఒకే పాటను ఆరుసార్లు వినిపించాను. పలకలు ఉన్నాయో లేవో వాడు నాలుగుసార్లు తప్పు చెప్పాడు.

"ఇది పచ్చి మోసం. నీ పలకలు నువ్వు పట్టుకుపో" అని మస్తాన్‌ను అందరి ముందు గద్దించాను.

అతని ముఖం ఎర్రబడింది. "గది నిండా పత్తి బస్తాలు పేర్చి పరీక్ష ఏంది మాస్టారూ? మోతంతా ఆ పత్తే మింగుతుంటే నా పలకలకేం మిగిలిద్ది? అవి బయటేయించి చూడండి!"

మంచి ధర కోసం తమ్ముడు దాచిన పత్తి అది. బస్తాలను వసారాలోకి చేర్పించాను. ఖాళీ గదిలో పాట నూతిలోంచి వస్తున్నట్లు మోగింది; పలకలు తగిలించగానే తేటపడింది. ఈసారి తమ్ముడు ఒక్కసారి కూడా పొరబడలేదు.

"మోసగాడన్న ఇంట్లో నా సరుకు ఉండదు" అంటూ మస్తాన్ పలకలన్నీ ఊడదీసి రిక్షాలో వేసుకున్నాడు.

నా మొదటి పరీక్షలాంటి ప్రయోగం చేసిన విద్యార్థికి నేను సున్నా వేసేవాణ్ణి. అయినా క్షమించమనడానికి నా నోరు పెగలలేదు. ఆ తరువాత నా రేడియో చెడిన ప్రతిసారీ దానిని సంచిలో పెట్టుకొని మరమ్మతు కోసం గుంటూరు బస్సెక్కాను.