పిన్ని ఎంచుకున్న మొద్దు మొన

పోయిన సోమవారం పొద్దున్నే కెనడాలోని రెజైనా నుంచి బాబాయి ఫోన్ చేశాడు. "మీ పిన్ని వెళ్లిపోయిందమ్మా. నిద్రలోనే" అన్నాడు. కేంబ్రిడ్జ్‌లో డ్యూటీకి బయలుదేరుతున్నదాన్ని అలాగే మెట్ల మీద కూర్చుండిపోయాను. కాసేపటికి ఏడుపు వెంటే నవ్వూ వచ్చింది. మా పిన్నిని తలచుకుంటే నవ్వు రాకుండా ఉండదు.

మీరు ఆమెను చూస్తే వేటకు వెళ్లే మనిషి అనుకోరు. పొట్టిగా, నూలు చీర మీద స్వెటర్ వేసుకుని ఉండేది. గవర్నమెంట్ ఆఫీసులో ఉద్యోగం. అక్కడి స్నేహితురాలి వెంట ఒకసారి సరదాగా వేటకు వెళ్లి, ఇక మానలేదు. శిక్షణ పొంది, లైసెన్స్ తెచ్చుకుని, చివరికి తన రైఫిల్‌కు కావలసిన గుండ్లు కూడా తానే తయారుచేసుకునేది. గరాజ్ తలుపు బార్లా తీసి, సీసం కరిగించి అచ్చులో పోసేది. అచ్చు బాగా వేడెక్కేదాకా గుండ్లు ముడతలుపడి వచ్చేవి. "మొదటి అట్టు పెనానికే" అంటూ వాటిని మళ్లీ కరిగించేది.

నేను వాళ్లింట్లో ఉండి చదువుకుంటున్న రోజుల్లో ఒక ఏడాది, ఎల్క్ వేటకు పర్మిట్లు ఇచ్చే లాటరీలో ఆమె పేరు వచ్చింది. ఎల్క్ అంటే గుర్రమంత దుప్పి. దానికి ఎలాంటి గుండు వాడాలన్నది ఇంట్లో పెద్ద చర్చయింది. బాబాయికి కోసుగా ఉన్నది నచ్చింది. స్నేహితురాలేమో మొనలో గుంట ఉన్నది వాడమంది. పిన్ని ఎవరి మాటా కాదనకుండా, ఆ రెండూ, మొద్దు మొనదీ కలిపి మూడు రకాలూ పోసి, షూటింగ్ రేంజ్‌లో తడి పేపర్ల కట్టల మీద కాల్చి చూసింది. గుంట మొనది లోపలే ముక్కలైంది. కోసుది పక్కకు తిరిగింది. మొద్దు మొనది మాత్రం వెడల్పైన దారి చేసుకుంటూ తిన్నగా పోయింది.

"ఇదేం అందంగా లేదే" అన్నాడు బాబాయి.

"అందానికి కాదండీ. ఆ జీవి ఎక్కువసేపు బాధపడకూడదు" అంది పిన్ని.

మొద్దు మొనకు వేగం త్వరగా తగ్గిపోతుంది. అందుకని జంతువుకు బాగా దగ్గరగా వెళ్లాలి. వేటకు తోడుగా నన్నూ తీసుకెళ్లింది. మొదటి రోజే దూరంగా గుట్ట మీద చెట్టంత కొమ్ములతో ఒక మగ ఎల్క్ నిలబడింది. కాల్చమని గుసగుసగా బతిమాలాను. పిన్ని రైఫిల్ దించేసింది.

"నా గుండు అంత దూరం న్యాయంగా పోదే. గాయపడి అడవంతా తిరుగుతుంది. వద్దు."

అది గుట్ట దాటి వెళ్లిపోయింది. మళ్లీ లాటరీలో ఎప్పుడు పేరు వస్తుందోనని నా ప్రాణం ఉసూరుమంది. ఆమె మాత్రం హాయిగా ఫ్లాస్క్‌లోంచి టీ పోసుకుంది.

మర్నాడు, మా వాసన దానికి అందని ఎదురుగాలిలో, ఒక ఆడ ఎల్క్ చెట్లలోంచి మాకు బాగా దగ్గరగా వచ్చింది. ఒకే దెబ్బ. నాలుగడుగులు వేసి ఒరిగిపోయింది. పిన్ని దాని మెడ మీద చేయి వేసి చాలాసేపు కూర్చుంది. తర్వాత కళ్లు తుడుచుకుని, చొక్కా చేతులు మడిచి, మాంసం కోయాలి పద పద అంటూ నన్ను తొందరపెట్టింది.

ఆ వారం ఊళ్లోని తెలుగు స్టూడెంట్లందరినీ భోజనానికి పిలిచింది. ఆ మాంసం గోంగూర వేసి వండింది. "ఆంటీ, గిది మటనా?" అని వరంగల్ అమ్మాయి అడగడమే ఆలస్యం, పిన్ని కథ మొదలుపెట్టింది. సోఫా వెనక నక్కి, గరిటెను భుజానికి ఆనించి, ఒక కన్ను మూసింది. కళ్లద్దాల మీద ఆవిరి. గరిటె చివరినుంచి పులుసు చుక్కలు కార్పెట్ మీద పడుతున్నాయి. పళ్లేలు చేతుల్లో పట్టుకుని మేమంతా ఊపిరి బిగబట్టాం.