బంతి వచ్చే వైపు కుర్చీ

అందరూ ఎలా ఉన్నారు? డాండినాంగ్ అక్కయ్యగారి మోకాలు ఎలా ఉంది? మెట్లు ఎక్కవద్దని కబురు పెట్టాను, అందిందో లేదో. కేరమ్ డౌన్స్ గుడిలో ప్రసాదం వడ్డించే పిన్నిగారు పోయిన ఆదివారం దగ్గుతుంటే విన్నాను. పొడి దగ్గే కదా అని ఊరుకోకుండా డాక్టరుకి చూపించుకోండమ్మా. కొత్తగా బాలింతైన అమ్మాయి తడి తలతో చలిగాలిలో తిరగడం లేదు కదా? మన తెలుగు సంఘం పత్రిక అచ్చువేసే బాబుకి కళ్ళు మండుతున్నాయన్నారు, ఆ కంప్యూటరు ముందు నుంచి కాసేపు లేవమనండి.

ఇన్ని అడుగుతున్నది అసలు మాట చెప్పడానికి నోరు రాక. మా వదినగారు పోయారు. సిడ్నీలో, గిరావీన్‌లో ఉన్న చిన్నకూతురింట్లో, పొద్దున్నే కాఫీ తాగి గ్లాసు కడుగుతూ కూలబడిపోయారట. గుండె అన్నారు. ఫోన్ మోగినప్పుడు నేను పెసరపప్పు ఏరుతున్నాను. మోత వినగానే చేతులు చల్లబడ్డాయి. నాకు ఏ ఫోన్ మోగినా అలాగే అవుతుంది. అందుకని ఇది కూడా ఉట్టిదే అయి ఉంటుందని నాకు నేనే చెప్పుకుంటూ వెళ్ళి ఎత్తాను.

వదినగారంటే మా కోడలి తల్లి, నా వియ్యపురాలు. వాళ్ళది ఏలూరు, మాది తణుకు దగ్గర. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయని లోకమంతా చెప్పుకున్న రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. పాత ప్రోగ్రాములు సరిచేసే పని మీద మా అబ్బాయిని ఇక్కడికి తీసుకొచ్చారు. వాడి వెనకే వదినగారూ నేనూ వచ్చాం. స్ప్రింగ్‌వేల్‌లో చిన్న ఇల్లు. రెండు మంచాలున్న వెనక గదిలో మేమిద్దరం.

శనివారాలు కోడలికి డ్యూటీ. అబ్బాయి ఆఫీసు స్నేహితుల వెంట వెళ్ళి బేస్‌బాల్ క్లబ్బులో చేరాడు. మనూళ్ళో క్రికెట్ ఆడేటప్పుడు బౌండరీ దగ్గర నిలబడి వాడు విసిరిన బంతి నేరుగా వికెట్ల దగ్గర పడేదని చెప్పుకునేవారు, ఆ చెయ్యి చూసి వీళ్ళు రానిచ్చారు. ఇంట్లో మేమిద్దరమే మిగిలేవాళ్ళం. ఎవరైనా తలుపు కొడితే ఇంగ్లీషులో ఏం చెప్పాలో తెలియక నేను తాళం వేసుకుని, కిటికీ తెరలు దించుకుని కూర్చునేదాన్ని.

ఒక శనివారం వదినగారు చీర మీద స్వెట్టర్ తొడుక్కుని, వేయించిన శనగలు పొట్లం కట్టుకుని, తలుపు దగ్గర నిలబడ్డారు.

“లేవండి వదినగారూ, ఆట చూసొద్దాం. వీధి చివరే కదా గ్రౌండు.”

“నాకు భయమండీ. ఇల్లు ఖాళీగా వదిలి ఎలా వెళ్తాం? స్టవ్ కట్టేశామో లేదో.”

“రెండుసార్లు చూశారు కదా, మళ్ళీ చూసి రండి. భయపడొద్దని నేనెప్పుడూ అనను. ఎక్కడైనా కూర్చుని భయపడాల్సిందే కదా, అక్కడే కూర్చుని భయపడండి. గాలైనా తగులుతుంది.”

అలా మొదలైంది. మడత కుర్చీలు చంకలో పెట్టుకుని వెళ్ళేవాళ్ళం. తన కుర్చీ ఎవరూ పట్టుకుపోకుండా పాత చీర అంచు చింపి కుర్చీ చేతికి కట్టారు. అక్కడ చూసేవాళ్ళు పట్టుమని పాతికమంది ఉండేవారు కాదు. ట్రాము నడిపి రిటైరయిన ఒక పెద్దాయన ప్రతివారం మా పక్కనే. ఆయనకి తెలుగు రాదు, వదినగారికి ఇంగ్లీషు రాదు. అయినా ఆ ఆట నియమాలన్నీ ఆయన నేర్పాడు, ఈవిడ నేర్చుకున్నారు. శనగలు తింటూ, వేళ్ళు మడుస్తూ, నేల మీద పుల్లతో గీతలు గీస్తూ.

రెండోసారి వెళ్ళినప్పుడు బ్యాటు అంచుకి తగిలిన బంతి ఒకటి పక్కకి ఎగిరి, నా కుర్చీకి జానెడు దూరంలో పడింది. ఇక చచ్చినా రానన్నాను. తరవాతి శనివారం వదినగారు ఇడ్లీ పాత్ర మీద మూత పట్టుకుని బయల్దేరారు. పైన పిడి ఉన్న పెద్ద స్టీలు మూత. బంతులు వచ్చే వైపు తను కూర్చుని, నన్ను లోపలి వైపు కూర్చోబెట్టి, మూత డాలులా ఒళ్ళో పెట్టుకున్నారు. ట్రాము పెద్దాయన చూసి నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. ఆవిడ ఆయనకి కూడా నాలుగు శనగలు పెట్టి, “నవ్వు నాయనా, నీ బట్టతలకి తగిలినప్పుడు నన్ను అడక్కు” అన్నారు తెలుగులోనే. ఆయన అమ్మా అన్నట్టు, థాంక్యూ లవ్ అన్నాడు.

ఆ డిసెంబరులోనే నా ప్రాణం మీదకి వచ్చింది. మా టీములో బంతి విసిరే కుర్రాడికి భుజం పట్టేసింది. బంతి విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు, వాడు లేకపోతే ఆట లేదు. వెరిబీ వైపు ఒక క్లబ్బులో మంచి పిచ్చర్ ఉన్నాడు, అక్కడ వాడికి కెప్టెనుతో పడట్లేదు. వాణ్ణి ఇస్తాం, బదులు మీ ఇండియన్ కుర్రాణ్ణి ఇవ్వండి అన్నారు వాళ్ళు. అంటే మా అబ్బాయిని. ఆ మార్పిళ్ళకి డిసెంబరు నెలాఖరే గడువు. ఆ తరవాత ఎవరూ ఎక్కడికీ మారడానికి లేదు.

ఆ మాట బయటికి వచ్చిన దగ్గర్నుంచి కుర్చీల దగ్గర అదే గొడవ. ఇవ్వాలని కొందరు, వద్దని కొందరు. నాకేమో వెరిబీ అంటే ఊరికి అటు చివర, ఆ పెద్ద వంతెన దాటాలి. ఆ వంతెన మీద గాలికి కారు ఊగుతుందని ఎవరో అన్నారు. వారానికి రెండుసార్లు నా కొడుకు దాని మీద వెళ్ళి రావాలా అని నాకు అన్నం సయించేది కాదు.

ట్రాము పెద్దాయన వద్దనే పక్షం. నాకు ఆయన మీద గౌరవం ఎక్కువైంది. వదినగారు మాత్రం ఇచ్చేయమనే పక్షం.

“హిమ్ గో,” అన్నారు. “గుడ్ పిచ్చర్ కమ్. వుయ్ విన్.”

“బట్ హీ ఈజ్ యువర్ ఫ్యామిలీ, లవ్,” అన్నాడాయన.

“ఫ్యామిలీ హోమ్. హియర్ టీమ్,” అని ఆవిడ ఇంకా ఏదో అనబోతూనే మూత ఎత్తారు. ఠంగుమని మోగింది. నేల మీద ఒక గెంతు గెంతిన బంతి వచ్చి సరిగ్గా మూత మధ్యలో తగిలి, నా కాళ్ళ దగ్గర పడింది. నేను కళ్ళు తెరిచేసరికి ఆవిడ మూత ఒళ్ళో పెట్టుకుని, “వుయ్ విన్, చెప్తున్నాను కదా” అంటున్నారు. ఆట ఆపి అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చాక చూస్తే ఆవిడ మణికట్టు వాచి ఉంది. చపాతీ కర్ర పట్టుకోలేకపోతే గానీ నాకు తెలియలేదు.

ఆ సాయంత్రం ఇంటిదారిలో అడిగేశాను. “మీ అల్లుడే కదండీ. పరాయి సరుకులా ఇచ్చేయమంటారేమిటి?”

ఆవిడ కోప్పడలేదు. కుర్చీ ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నారు. “ఇక్కడ అల్లుడుగారిని ఆడనిస్తున్నారా వదినగారూ? ఆ చోట కెప్టెను తమ్ముడు ఉన్నంతకాలం ఈయన బల్ల మీదే. మీరు శనివారం శనివారం వస్తున్నది బల్ల మీద కూర్చున్న కొడుకుని చూడ్డానికా? అక్కడైతే మొదటి రోజు నుంచే ఆడిస్తారట.”

“వంతెన?”

“వంతెన ఉంటుంది. దాటుతారు. మనం ఇంట్లో కూర్చుని భయపడదాం, ఆయన వెళ్ళి ఆడతారు. ఎవరి పని వాళ్ళది.”

డిసెంబరు ఆఖరి రోజు మీ ఇళ్ళలో ఎలా గడిచిందో నాకు తెలియదు. నేను పొద్దుటి నుంచి బాత్ టబ్బు, బకెట్లు, చెంబులు, ఆఖరికి పూజ గిన్నెలు కూడా నీళ్ళతో నింపాను. కొవ్వొత్తులు, బియ్యం, అగ్గిపెట్టెలు తెచ్చి పెట్టుకున్నాను. అబ్బాయి ఆ రాత్రి ఆఫీసులోనే ఉండాలన్నారు. లిఫ్టు ఎక్కొద్దు, మెట్ల మీదే వెళ్ళు అని గుమ్మం దాకా చెప్పి పంపాను. మధ్యాహ్నం క్లబ్బు సెక్రటరీ ఫోన్ చేశాడు. కమిటీ ఒప్పుకుంది, అబ్బాయి కూడా సరేనన్నాడు, సాయంత్రం ఐదింటిలోపు లీగు ఆఫీసుకి కాగితం పంపేస్తారట.

ఆ ఆఫీసులో కూడా కంప్యూటరే కదా.

“వదినగారూ, ఇక్కడ పేరు కొట్టేసి అక్కడ ఎక్కించేలోపు అది ఆగిపోతే? మనవాడు ఇటూ కాకుండా అటూ కాకుండా పోతే? వాడి వీసా కూడా కంప్యూటర్లోనే ఉంది. వీడెవడో మాకు తెలియదంటే ఏం చేస్తాం?”

ఆవిడ పప్పు గరిటె పొయ్యి పక్కన పెట్టి, కుర్చీ లాగి, నా భుజం పట్టి కూర్చోబెట్టారు. “ముందు కూర్చోండి. మిషను మరిచిపోతే మనుషులు లేరా? నేను పోయి చెప్తాను. ఈయన మా పెద్దల్లుడు, తణుకు దగ్గర నుంచి వచ్చారు, వెరిబీ టీము వారు అని. ఆ ట్రాము ఆయన్ని సాక్ష్యానికి తీసుకెళ్తాను.”

నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. మర్నాడు పొద్దున్న కుళాయి తిప్పితే నీళ్ళొచ్చాయి. తొమ్మిదింటికి అబ్బాయి ఎర్రటి కళ్ళతో ఇంటికొచ్చి, “ఏమీ కాలేదమ్మా, టిఫినేంటి?” అన్నాడు. టబ్బులో నీళ్ళు మాత్రం ఇంకో రెండు రోజులు ఉంచాను. ఎందుకైనా మంచిదని.

ఎండలు తగ్గే ముందు వెరిబీ వాళ్ళు మా గ్రౌండుకి ఆడడానికి వచ్చారు. మా అబ్బాయి పరాయి చొక్కా తొడుక్కుని నిలబడ్డాడు. మేం మాత్రం మా కుర్చీల్లో, మా వాళ్ళ మధ్యే. ఆఖర్న మా వాళ్ళు గెలిచేట్టున్న సమయంలో ఆకాశంలోకి లేచిన బంతిని, వెనక్కి పరిగెత్తి, కంచెకి వీపు ఆన్చి, మా అబ్బాయే పట్టేశాడు. మా టీము ఓడిపోయింది. నా చేతులు చప్పట్లకి లేచాయి. వదినగారు వాటిని గట్టిగా పట్టుకుని కిందికి దించారు. తన మొహం కూడా ఓడినవాళ్ళ మొహంలాగే పెట్టుకున్నారు. ట్రాము పెద్దాయనకి శనగలు పెట్టి ఓదార్చారు కూడా.

గేటు దాటి, వీధి మలుపు తిరిగాక ఆగారు. వెనక్కి చూశారు. కుర్చీ గోడకి ఆనించి, మూత ఎడమ చేత్తో పట్టుకుని, కుడి అరచేత్తో దాని మీద దభదభా వాయించారు. “ఇప్పుడు కొట్టండి వదినగారూ చప్పట్లు, ఎంతసేపు కావాలంటే అంతసేపు.” ఎవరింట్లోదో కుక్క మొరిగింది. నేను కొట్టాను.

చలికాలంలో చిన్నకూతురికి సాయంగా ఆవిడ గిరావీన్ వెళ్ళారు. మూత ఇక్కడే వదిలి వెళ్ళారు, అక్కడ బేస్‌బాల్ లేదని. బంతి తగిలి మధ్యలో పడ్డ సొట్ట వల్ల ఇప్పుడది పాత్ర మీద సరిగా కూర్చోదు, ఆవిరంతా పక్క నుంచి పోతుంది. కోడలు కొత్తది కొందామంది. నేను ఒప్పుకోలేదు. ఫోన్లో ఆవిడ మొదట టీము సంగతి అడిగి, తరవాతే నా బీపీ సంగతి అడిగేవారు.

ఆఖరిసారి మాట్లాడినప్పుడు నేను సంతోషంగా చెప్పాను. “మళ్ళీ గడువు దగ్గరకొస్తోంది కదండీ. మనవాణ్ణి వెనక్కి తీసుకుందామనుకుంటున్నారట ఇక్కడ.”

“బదులు ఎవర్ని ఇస్తారట?”

“ఆ పిచ్చర్నే.”

“ఒప్పుకోకండి,” అన్నారు. “నేను లేను కదా అని మీరు తలూపేస్తారు. ఊపకండి.” అని నవ్వి, పాలు పొంగుతున్నాయని ఫోన్ పెట్టేశారు.

పదోరోజు కర్మలకి అబ్బాయి, కోడలు విమానంలో వెళ్ళారు. నేను వెళ్ళలేకపోయాను. విమానం అంటే నా భయం మీకు తెలిసిందే. వాళ్ళు తిరిగొచ్చిన వారానికి అబ్బాయి వెనక గదిలో నా దగ్గర కూర్చున్నాడు.

“అమ్మా, క్లబ్బు వాళ్ళు అడుగుతున్నారు. శుక్రవారంతో గడువు అయిపోతుంది. అత్తయ్యగారు పోయిన దగ్గర్నుంచి నువ్వు మరీ బెంగపడుతున్నావు. వంతెన దాటి వెళ్ళడం నీకంత భయమైతే ఇటు వచ్చేస్తాను.”

“ఇక్కడ ఆడిస్తారా?”

వాడు చెప్పులకేసి చూశాడు. “ఎప్పుడైనా. కెప్టెను తమ్ముడు ఉన్నాడు కదా.”

ఏడాదిగా నేను మొక్కుకుంటున్నది వాడు వీధి చివరే ఉండాలనే. ఊఁ అంటే చాలు, శనివారాలు నా గుండె దడ తగ్గేది. నోట్లో ఆ ఊఁ సిద్ధంగా ఉంది. తలూపకండి అన్న గొంతు కూడా పక్క మంచం మీద నుంచి వినపడినట్టే ఉంది.

“నువ్వు అటే ఆడు నాయనా,” అన్నాను. “జాగ్రత్తగా నడుపు. గాలి వేస్తే నెమ్మదిగా పో. నేను కూర్చుని భయపడతాను.”

శుక్రవారం గడిచిపోయింది. ఆదివారం ట్రాము పెద్దాయన మా గుమ్మంలోకి వచ్చాడు, టోపీ చేత్తో పట్టుకుని. వెరిబీ వాళ్ళు మళ్ళీ మా గ్రౌండుకి వస్తున్నారట. ఆట మొదలయ్యే ముందు వదినగారి కోసం అందరూ ఒక నిమిషం నిలబడతారట, మమ్మల్ని రమ్మన్నాడు. ఇన్నాళ్ళూ ఒక్క ఆటా చూడని మా కోడలు డ్యూటీ మార్చుకుని వస్తానంది. అమ్మ ఎక్కడ కూర్చునేదో చూపించండి అత్తయ్యా అంది.

చీర అంచు కట్టిన కుర్చీ దులిపి గుమ్మం పక్కన పెట్టాను. మూత తోమాను. పిడి పట్టుకుని ఎత్తి చూస్తే బరువుగానే ఉంది, భయం ఇప్పటి నుంచే వేస్తోంది. తల్లి లేని పిల్లకి బంతి తగలకూడదు కదా, అందుకని కోడల్ని లోపలి వైపు కూర్చోబెట్టి, వదినగారి కుర్చీలో నేను కూర్చుంటాను. మీలో రాగలిగినవాళ్ళు రండి. కుర్చీలు మీరే తెచ్చుకోండి, శనగలు నేను వేయిస్తాను. వచ్చే శనివారం, మధ్యాహ్నం రెండింటికి.